చెవి మేస్త్రి

మార్చి 3, సోమవారం

స్పేర్ పార్టుల దుకాణంవాళ్ళు కొత్త సంవత్సరానికిచ్చిన డైరీ రెండు నెలలుగా బీరువా మీద పడి ఉంది. ఈ రోజు దుమ్ము దులిపి తీశాను. ఇంట్లో నేను "ఏంటీ?" అన్నప్పుడల్లా మా ఆవిడ ముఖం ఒకలా అయిపోతోంది. కాగితంతో ఆ గొడవ లేదు.

అసలు తప్పు ఆవిడ గొంతుది. పద్దెనిమిదేళ్ళుగా లైబ్రరీలో పని. అక్కడ గుసగుసలాడి గుసగుసలాడి గొంతు పాతాళానికి దిగిపోయింది. ఆ మాటే చెప్పాను. ఏదో అంది. వినపడలేదు. నేను చెప్పిందీ అదే కదా!

కార్లు బాగుచేసే మా షెడ్డులో ఈ రోజు మూడు చప్పుళ్ళు. ఒకటి డిక్కీలో జాకీ వదులై కొట్టుకోవడం. రెండోది సీటు బెల్టు బకిల్ డోరు పక్కన ప్లాస్టిక్‌కి తగలడం. మూడోది డాష్‌బోర్డు లోపల ఎక్కడో. కళ్ళు మూసుకుని పక్క సీట్లో కూర్చున్నాను, పొడుగు స్క్రూడ్రైవర్ ఒక కొస చెవికీ ఒక కొస డాష్‌బోర్డుకీ ఆనించాను. అరగంట పట్టింది. చివరికి నాతో పనిచేసే రేడియోగాడు ఊరికే చెయ్యి దూర్చి "ఇదిగో అన్నా, క్లిప్పు ఊడింది" అన్నాడు. అదృష్టం వాడిది.

వాడికి రేడియో అని పేరు పెట్టింది నేనే. పొద్దున షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి సాయంత్రం దించేదాకా వాగుతూనే ఉంటాడు. ముప్పై ఆరేళ్ళు, ఇద్దరు పిల్లలు, నోటికి సెలవు లేదు. నాకు చెవి మేస్త్రి అని పేరు పెట్టింది షెడ్డు ఓనరు, మేమంతా వదిన అని పిలిచే ఆవిడ భర్త. ఆయన పోయి ఆరేళ్ళు. షెడ్డు ఇప్పుడు వదినే చూసుకుంటోంది. పెద్ద బళ్ళవాళ్ళు కంపెనీకి పోతారు, చిన్న కార్లవాళ్ళు చప్పుడొస్తే నా దగ్గరికొస్తారు. వచ్చేటప్పుడు "చెవి మేస్త్రి ఉన్నాడా?" అని అడుగుతూ వస్తారు.

మార్చి 5, బుధవారం

టైలరమ్మ కారు వచ్చింది. ఊళ్ళో సగం బడులకి యూనిఫారాలు ఆవిడే కుడుతుంది, తనే కార్లో వేసుకెళ్ళి ఇచ్చొస్తుంది. వెనక సీటు పీకించేసి మూటలకి చోటు చేసుకుంది.

"మేస్త్రిగారూ, బాబిన్ కేసు వదులైతే కుట్టుమిషను ఎలా అంటుందో అలా అంటోంది. టకటక కాదు, టికటిక. తేడా ఉంది" అంది.

ఇలాంటి కస్టమర్లంటే నాకు గౌరవం. మిగతావాళ్ళు "ఏదో సౌండొస్తోంది" అని చేతులు దులుపుకుంటారు, డాక్టరు దగ్గరికెళ్ళి "ఏదో నొప్పి" అన్నట్టు.

బానెట్ ఎత్తి ఇంజన్ ఆన్ చేయించాను. ఇంజన్ మీద నల్లటి ప్లాస్టిక్ కవరు. దాని మీద అరచేయి ఆనించి నొక్కాను. "ఆ! ఆగింది!" అంది టైలరమ్మ లోపల్నుంచి. చేయి తీశాను. "మళ్ళీ!" అంది. దొరికింది దొంగ.

ఈ కవర్ల విషయంలో నాకో పట్టింపు ఉంది. చాలామంది మెకానిక్కులు దాన్ని పీకి మూలన పారేసి "షోకు కోసం పెట్టారండీ, అక్కర్లేదు" అంటారు. షోకు కొంత ఉన్న మాట నిజమే. కానీ దాని కింద స్పాంజి ఉంటుంది, ఇంజన్ గోలలో కొంత అది మింగుతుంది. కస్టమర్ ఏది ఎలా తెచ్చాడో అది అలాగే తిరిగి వెళ్ళాలి. ఊడదీయడానికీ ఒక లెక్క ఉంది. ముందు వైపు రెండు మూలలూ పట్టుకుని నిదానంగా పైకి లాగాలి, తర్వాత వెనకవి. బలం చూపిస్తే పెళుసు ప్లాస్టిక్ ఫట్‌మంటుంది. కవరు అడుగున నాలుగు రబ్బరు బుష్‌లు, ఇంజన్ మీద నాలుగు గుండీల్లాంటివి. రబ్బరు గుండీని గట్టిగా పట్టుకున్నంతకాలం చప్పుడుండదు. టైలరమ్మ బండివి వేడికి ఎండి రాళ్ళైపోయాయి. నాలుగూ మార్చేశాను.

కొత్త రబ్బరు కదా, బిగువు. టక్, టక్, టక్, టక్. నాలుగూ పడ్డాయి. కవరు నేనే పెట్టాను, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. రేడియో చెయ్యేయబోతే "నువ్వు నోటి పని చూసుకో" అన్నాను. నవ్వాడు.

స్పీడు బ్రేకర్లున్న సందులో ఒక చుట్టు తిప్పాం. రేడియో పక్కన కూర్చున్నాడు.

"అన్నా, ఇంజన్‌లో వెనక పక్క ఏదో కొడుతోంది."

"ఏం లేదు."

"ఉందన్నా, సన్నగా..."

"ఇరవై ఏడేళ్ళుగా ఈ చెవే నాకు తిండి పెడుతోంది. నువ్వు నోరు మూస్తే ఏ చప్పుడూ ఉండదు."

మూసేశాడు. షెడ్డుకొచ్చేదాకా ఒక్క మాట లేదు. దిగి ఎటో వెళ్ళిపోయాడు. హాయిగా ఉంది.

మార్చి 6, గురువారం

మా ఆవిడ టీవీ రిమోట్ దాచేసింది. మీ ఇంట్లో ఎవరికైనా చెవుడా అని పక్కింటివాళ్ళు అడిగారట. పక్కింటివాళ్ళకి పనీపాటా లేదు.

మార్చి 8, శనివారం

టైలరమ్మ ఫోన్ చేసింది. షెడ్డులో గ్రైండర్ తిరుగుతోంది, సిగ్నల్ కూడా సరిగా లేదు. ధన్యవాదాలు చెప్పడానికే అయ్యుంటుంది. "అలాగేనమ్మా, అలాగే" అన్నాను.

మంచి మనిషి. పని అయ్యాక ఫోన్ చేసి చెప్పేవాళ్ళు ఎంతమంది ఉన్నారు?

మార్చి 10, సోమవారం

ఈ రోజు రాయడానికేమీ లేదు.

మార్చి 11, మంగళవారం

నిన్న పొద్దున టైలరమ్మ మూటలు వేసుకుని బయల్దేరింది. వంతెన దిగుతుంటే బానెట్ సందుల్లోంచి పొగ. బండి పక్కకి ఆపి, దిగి బానెట్ ఎత్తింది. ఇంజన్ కవరు వెనక్కి జారిపోయి పొగగొట్టం మొదలు మీద పడి ఉంది. అది నిప్పులా కాలే చోటు. స్పాంజి రాజుకుంది. ఆవిడ కంగారులో కుడి చేత్తో కవరు పట్టుకుని బయటికి లాగేసింది. కరిగిన ప్లాస్టిక్ వేళ్ళకి అంటుకుంది. రోడ్డు పని చేసేవాళ్ళు పరిగెత్తుకొచ్చి ఇసుక పోసి ఆర్పారట.

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. మూడూ కాలాయి. మూడు వారాలు కత్తెర పట్టకూడదన్నారట ఆసుపత్రిలో.

ప్రాణానికేం కాలేదు, అదే పదివేలు అని అందరూ అంటున్నారు. నేనూ అన్నాను.

వదిన మా ఇద్దర్నీ ఆఫీసు గదిలోకి పిలిచింది. "ఆ కవరు ఎవరు బిగించారు?"

రేడియో నా వైపు చూశాడు. నేను గోడ మీది కేలెండర్ వైపు చూశాను.

"ఇద్దరం చూశాం వదినా ఆ బండి" అన్నాను.

అది అబద్ధం కాదు. ఇద్దరం చూశాం.

వదిన ఆ బండి పని రాసిన జాబ్ కార్డు తీసింది. దాని మీద ఉన్నది రేడియో రాత, రేడియో సంతకం. కార్డులన్నీ వాడే రాస్తాడు, నా రాత కోడి గెలికినట్టుంటుందని. "రోజంతా వాగుతూ పనిచేస్తే ఇలాగే తగలడుతుంది" అంది వదిన. "రేపట్నుంచి రావద్దు. ఎప్పుడు రావాలో నేను చెబుతాను."

వాడు నోరు మెదపలేదు. ఇంకోసారి నా వైపు చూసి వెళ్ళిపోయాడు. చెప్పుకోవాల్సింది ఏమైనా ఉంటే చెప్పుకునేవాడే. రేడియోకి నోరు లేదా?

మార్చి 12, బుధవారం

వాడే పెట్టి ఉండాలి. నేను రబ్బర్లు మార్చాక చేతులు తుడుచుకోవడానికి వెళ్ళాను. ఆ కాస్త సందులో వాడే కవరు పెట్టేసి ఉంటాడు.

మార్చి 13, గురువారం

చేతులు తుడుచుకోవడానికి వెళ్ళాను. బాగా గుర్తుంది.

మార్చి 15, శనివారం

షెడ్డు ప్రశాంతంగా ఉంది. ఇంత ప్రశాంతతకి అలవాటు లేక కాబోలు పని సాగడం లేదు.

గురువారం నేను చూసి పంపిన ఎర్ర కారు తిరిగొచ్చింది. చప్పుడు పోలేదట. ఈ రోజు ఇంకోటి తిరిగొచ్చింది. నంబరు ప్లేటు స్క్రూ వదులు. చంటిపిల్లాడు కూడా పట్టేస్తాడు అలాంటిది. ఇన్నేళ్ళలో నా చేతి బండి ఒక్కటీ తిరిగిరాలేదు, వారంలో రెండు! వదిన ఆఫీసు గది అద్దం వెనక నుంచి చూస్తూనే ఉంది.

టైము బాగాలేదు.

మార్చి 17, సోమవారం

రేడియో భార్య వచ్చింది, వాడి టిఫిన్ డబ్బా, పని బూట్లు తీసుకెళ్ళడానికి. నేనే సంచిలో పెట్టి ఇచ్చాను. గేటు దగ్గర ఆగి తల వంచుకుని ఏదో అంది. నేను తలూపాను.

ఏమందో తెలియదు. మళ్ళీ అడగాల్సింది. ఏమందో తెలిస్తే ఏం చేయాలో తెలియక అడగలేదేమో. తలూపితే ఆవిడ ముఖం కొంచెం తేలికపడింది. దేనికి ఒప్పుకున్నానో!

మార్చి 18, మంగళవారం

పొద్దున కాఫీ తాగుతూ ఈ డైరీ వెనక్కి తిప్పాను. అయిదో తేదీ దగ్గర ఆగాను.

"కవరు నేనే పెట్టాను, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు."

కోడి గెలికిన రాత. నాదే. ఇంకు కూడా నా జేబులో పెన్నుదే. చేతులు తుడుచుకోవడానికి వెళ్ళిన ముక్క ఆ పేజీలో ఎక్కడా లేదు. రెండుసార్లు వెతికాను, ఎవరో చింపేసినట్టు.

ఇంకెవరూ రాకముందే షెడ్డుకెళ్ళాను. సర్వీసుకొచ్చిన తెల్ల కారు ఉంది, అలాంటి కవరే. బానెట్ ఎత్తి, కవరు తీసి, మళ్ళీ పెట్టి నొక్కాను. మూల కిందికి దిగింది. చప్పుడు లేదు. తీసి మళ్ళీ నొక్కాను. చెవి దగ్గరగా పెట్టి నొక్కాను. వీధిలో బండేమీ పోవడం లేదు, గ్రైండర్ తిరగడం లేదు, రేడియో లేడు. గుండీ రబ్బర్లో దిగినట్టు వేలికి తెలుస్తోంది. చెవికి మాత్రం ఏమీ లేదు.

ఎన్నిసార్లు చేశానో లెక్క లేదు. ఒకసారి సగం పడినట్టే పెట్టి చూశాను. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉన్నాయి.

ఆ రోజు నాలుగు టక్‌లు నేను వినలేదు. ఎలా ఉండాలో తెలుసు కాబట్టి రాసేశాను, అంతే.

మార్చి 19, బుధవారం

మా ఆవిడకి చెప్పాను. వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. కవరు సంగతి చెప్పలేకపోయాను, చెవి సంగతే చెప్పాను. "నాకు... సరిగా వినపడటం లేదనుకుంటా" అన్నాను.

గిన్నె పక్కన పెట్టి తిరిగింది. "తెలుసు" అంది.

"ఎప్పట్నుంచి?"

"రెండేళ్ళయింది."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పానండీ. మీకు వినపడలేదు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆవిడకి నవ్వొచ్చింది ముందు. తర్వాత కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. రెండేళ్ళుగా నాకు కుడి పక్కన కూర్చుని తింటోందట, అటు చెవి కాస్త నయమని. నాకెప్పుడూ అనుమానం రాలేదు. లైబ్రరీలో గొంతు తగ్గించుకుని, ఇంటికొచ్చి గొంతు చించుకుని, రెండు ఉద్యోగాలు చేస్తున్నట్టుందట.

అప్పుడు కవరు సంగతి కూడా చెప్పేశాను. నవ్వు ఆగిపోయింది. తర్వాత నేను పెదాలు చూడగలిగేలా ఎదురుగా కూర్చుని, ఒక్కో మాటా విడివిడిగా అంది.

"రేడియోకి... ఎప్పుడు చెబుతారు?"

మార్చి 20, గురువారం

చెవి డాక్టరు. గాజు తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ పెట్టి, చేతికి ఒక బటన్ ఇచ్చింది. చప్పుడు వినపడినప్పుడల్లా నొక్కమంది. మొదట బాగానే నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. టెస్టు అయిపోయిందేమో అని గాజులోంచి చూశాను. డాక్టరమ్మ తన పని తాను చేసుకుంటోంది. అంటే చప్పుళ్ళు వస్తూనే ఉన్నాయి. సిగ్గేసి ఊరికే రెండుసార్లు నొక్కాను.

బయటికొచ్చాక గ్రాఫు చూపించింది. గీత కొంతదూరం తిన్నగా నడిచి, కొండ మీంచి దూకినట్టు పడిపోయింది. "లావు శబ్దాలు వినపడతాయి. సన్నవి పోయాయి. సుత్తులు, గ్రైండర్ల మధ్య ఇన్నేళ్ళు పనిచేశారు, చెవులకి ఏమీ పెట్టుకోకుండా. అవునా?"

అవును. చెవులు మూసుకుంటే చప్పుళ్ళెలా పట్టుకుంటాను?

"ఊరికే నొక్కిన రెండూ నాకు తెలిసిపోయాయి" అంది చివర్లో. కోప్పడలేదు. అందరూ నొక్కుతారట.

మార్చి 21, శుక్రవారం

వదినకి చెప్పాను. కుర్చీ చూపించింది, కూర్చోలేదు. అయిదో తేదీ నుంచి జరిగిందంతా వరసగా చెప్పాను. కవరు నేనే పెట్టానన్నాను. రేడియో అప్పుడే చెప్పాడనీ, నేనే నోరు మూయించాననీ చెప్పాను. గ్రాఫు కాగితం బల్ల మీద పెట్టాను. దాన్ని ఆవిడ ముట్టుకోలేదు.

"చెవి పోయిందంటే అర్థం చేసుకుంటానయ్యా. పదిరోజులు నోరు కూడా పోయిందా?"

నేను గ్రాఫు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"వాడి మొహాన ఎన్ని మాటలన్నాను నేను! నీ ముందే నిలబెట్టి అన్నాను."

పని మానేస్తానన్నాను. ఆ మాటకి ఇంకా కోపం వచ్చింది. "మానేసి ఎక్కడికి పోతావ్? చేసింది సరిదిద్దకుండా పోవడం కూడా తప్పించుకోవడమే. ముందు వాడింటికి వెళ్ళు. తర్వాత ఆ టైలరమ్మ ఇంటికి వెళ్ళు. ఆవిడ బండి సంగతి షెడ్డు చూసుకుంటుంది. మనిషి సంగతి నువ్వు చూసుకో."

మార్చి 22, శనివారం

రేడియో ఇల్లు మూడో అంతస్తులో. ఎక్కుతుంటే ప్రతి మలుపు దగ్గరా వెనక్కి పోదామనిపించింది. వాడు నేల మీద కూర్చుని ఎవరిదో టేబుల్ ఫ్యాన్ విప్పుతున్నాడు. నన్ను చూసి లేచాడు, కూర్చోమనలేదు. వాడి భార్య కుర్చీ తెచ్చి వేసింది.

"కవరు నేనే పెట్టాను" అన్నాను.

"తెలుసన్నా. పక్కనే ఉన్నాను కదా."

"మరి వదిన అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెబుతావనుకున్నా." స్క్రూడ్రైవర్ చేతిలో తిప్పుతూ ఉన్నాడు. "ఆ రోజు చెబుతావనుకున్నా. మర్నాడు చెబుతావనుకున్నా. సోమవారం ఇదిగో ఈవిడ వచ్చినప్పుడు, ఒక్కసారి ఇంటికొచ్చి మాట్లాడమని అడిగిందట. నువ్వు సరేనని తలూపావట. ఆ సాయంత్రం నీకోసం చూశాను."

అదీ నేను ఒప్పుకున్నది.

"నాకు వినపడలేదురా" అన్నాను. భార్యాభర్తలిద్దరికీ అర్థమయ్యేలా మళ్ళీ అన్నాను. "నాకు చెవులు వినపడటం లేదు. డాక్టరు చెప్పింది."

వాడు ఆశ్చర్యపోలేదు. "ఏడాదిన్నరగా తెలుసు" అన్నాడు. "నువ్వు చూసిన ప్రతి బండీ, నువ్వు టీకి వెళ్ళాక, నేను ఇంకో చుట్టు తిప్పి చూసేవాణ్ణి. ఏమైనా మిగిలుంటే సరిచేసి పెట్టేవాణ్ణి. నువ్వు చెవి మేస్త్రివి. నేను చెబితే ఏం బాగుంటుంది?"

ఏడాదిన్నర. ఒక్క బండి తిరిగిరాలేదని నేను కాలరెగరేసిన ఏడాదిన్నర.

"టైలరమ్మ బండి మాత్రం తిప్పలేదు" అన్నాడు. గొంతు మారిందని ముఖం చూస్తే తెలిసింది. "నోరు మూయమన్నావు కదా, కోపం వచ్చింది. పోతే పోనీ, తిరిగొస్తే తెలుస్తుందిలే అనుకున్నా. ఆవిడ చెయ్యి కాలిందన్నప్పట్నుంచి నాకు అన్నం సయించడం లేదన్నా. అందుకే వదిన తిట్టినా ఊరుకున్నా. నా వాటా కూడా ఉందిగా."

నీ వాటా ఏమీ లేదన్నాను. ఎన్నిసార్లు అన్నానో. వాడు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. వదిన మళ్ళీ పనికి రమ్మందని చెప్పాను. క్షమించమని అడిగాను.

"నాకు కోపం పోలేదన్నా" అన్నాడు. "సోమవారం పనికొస్తాను. కోపం పోయాక చెబుతాను."

దిగేటప్పుడు మూడు అంతస్తులూ రెయిలింగ్ పట్టుకుని దిగాను.

మార్చి 24, సోమవారం

టైలరమ్మ ఇంటి ముందు గదే కుట్టు గది. మూడు మిషన్లు, ఇద్దరు కుట్టేవాళ్ళు, నీలం చొక్కాల గుట్టలు. ఆవిడ ఎడమ చేత్తో సుద్దముక్క పట్టుకుని గీతలు గీస్తోంది, గీతలు వంకర పోతున్నాయి. కుడి చేతికి కట్టు.

జరిగింది చెప్పాను. వదినకి చెప్పినట్టే, ఏదీ దాచకుండా. మధ్యలో ఒక్కసారే ఆపింది.

"బండి అంటుకోవడానికి ముందు శనివారం నేను ఫోన్ చేశాను గుర్తుందా?"

"ఉందమ్మా."

"చప్పుడు ఇంకా ఎక్కువైంది మేస్త్రిగారూ, సోమవారం సరుకు అప్పజెప్పాలి, అప్పటిదాకా ఇలాగే నడపనా, ప్రమాదమేమీ లేదుగా అని అడిగాను. మీరు 'అలాగేనమ్మా, అలాగే' అన్నారు. మీరన్నారు కదా అని నడిపాను."

ఆ మాట విన్నాక కాసేపు నాకు గదిలో మిషన్లు కూడా వినపడలేదు.

ఆవిడ కేకలు వేయలేదు. వేసి ఉంటే బాగుండేది. "వినపడకపోతే వినపడలేదని ఒక్క మాట అంటే సరిపోయేది" అంది. అంతే అంది. అందరూ అన్న మాటల్లోకీ నాకు అదే గట్టిగా వినపడింది.

ఏం చేయమంటారు అని అడిగాను. చుట్టూ చూసింది.

"సూది పట్టడం వచ్చా?"

"రాదమ్మా."

"ఇస్త్రీ?"

"వచ్చు. నా చొక్కాలు నేనే చేసుకుంటాను."

"ఆ గుట్ట మొత్తం చేయాలి. కాలర్లు జాగ్రత్త."

పని అయ్యాక రోజూ సాయంత్రం ఆరింటి నుంచి ఎనిమిదింటిదాకా వెళ్తానని ఒప్పుకున్నాను. ఈసారి ప్రతి మాటా మళ్ళీ అడిగి, విని ఒప్పుకున్నాను.

మార్చి 26, బుధవారం

ఇప్పటిదాకా నూట పది చొక్కాలు. ఒక కాలర్ పసుపెక్కింది. టైలరమ్మ దాన్ని వెలుతురుకి పట్టుకుని చూసి, "దీనిక్కూడా ఎవరి పేరో చెప్పండి మరి, ఎవరు చేశారో" అంది.

"నేనే" అన్నాను.

కుట్టేవాళ్ళిద్దరూ నవ్వారు. ఆవిడ కూడా, కొంచెం.

మార్చి 29, శనివారం

వినికిడి మిషన్లు వచ్చాయి. చెవి వెనక పెట్టుకునేవి, శనగగింజంత బొడిపె లోపలికి. డాక్టరమ్మ ముందే చెప్పింది, పాత చెవి తిరిగి రాదు, ఇది చేతికర్ర లాంటిది అని. ముందు అంతా రేకు డబ్బాలో మాట్లాడినట్టుంది. షెడ్డుకెళ్తే రేడియో వాగుతున్నాడు. పెద్ద పిల్ల లెక్కల మార్కులు, పై అంతస్తువాళ్ళ కుక్క, టైర్ల ధరలు, మళ్ళీ కుక్క. రెండు గంటలు విన్నాను.

"ఒరేయ్, రోజంతా నువ్వు చెప్పేది ఇదా? ఇన్నేళ్ళూ ఏదో ముఖ్యమైన విషయమనుకున్నాను."

"నువ్వు వినడం లేదనేగా ఏదిపడితే అది వాగేవాణ్ణి!" అన్నాడు. తర్వాత గుర్తొచ్చినట్టు మొహం ముడుచుకుని వెళ్ళిపోయాడు. కోపం ఇంకా పోలేదన్నమాట.

ఏప్రిల్ 2, బుధవారం

టైలరమ్మ కట్టు విప్పారు. చూపుడువేలు చివర చర్మం మెరుస్తూ ఉంది, స్పర్శ ఇంకా పూర్తిగా రాలేదట. గుడ్డ మందం ఆ వేలితోనే చూస్తుంది ఆవిడ. వస్తుందన్నారు డాక్టర్లు. వచ్చేదాకా ఇస్త్రీకి వస్తానన్నాను. వద్దనలేదు.

కారు మాత్రం ఇక మా షెడ్డుకి తేనంది. "మీ మీద కోపంతో కాదు, బానెట్ ఎత్తిన చోటు చూస్తే భయం." సరేనన్నాను. నేనైనా అంతే.

ఏప్రిల్ 7, సోమవారం

పద్ధతి మారింది. వదిన పెట్టిన పద్ధతే. కవరు ఎవరు పెడితే వాళ్ళే కార్డు మీద సంతకం. పెట్టాక నాలుగు మూలలా వేలు దూర్చి, గుండీ రబ్బర్లోకి పూర్తిగా దిగిందో లేదో తడిమి చూడాలి. బండి బయటికి పోయేముందు ఇద్దరం కూర్చుని తిప్పాలి. వినేది రేడియో. తడిమేది నేను. డాష్‌బోర్డు మీద అరచేయి పరిచి ఉంచితే అదురు ఎక్కడ మొదలవుతుందో తెలుస్తోంది. ఇది ఇంతకుముందు కూడా తెలిసేదే. చెవి గొప్పల్లో పడి చేతిని లెక్కచేయలేదు.

పొద్దున కొత్తాయన వచ్చాడు. బూడిదరంగు చిన్న కారు, కొని నాలుగు నెలలు. కంపెనీవాళ్ళు మూడుసార్లు చూసి ఏమీ లేదని పంపేశారట. చిరాకుగా ఉన్నాడు.

"చెవి మేస్త్రి అంటే ఎవరండీ? ఆయనే చూడాలి."

రేడియో చేస్తున్న పని ఆపాడు. వదిన అద్దం వెనక తలెత్తింది. నేను గుడ్డతో చేతులు తుడుచుకుని ముందుకొచ్చాను.

"నేనేనండీ. కానీ నాకు చెవులు సరిగా వినపడవు. వినడానికి ఇతను ఉన్నాడు, మేమిద్దరం కలిసే చూస్తాం. చప్పుడు ఎలా వస్తుందో కొంచెం గట్టిగా చెప్పండి."

బయటి మనిషితో ఆ మాట అనడం ఇదే మొదలు. ఈ ఒక్క మాట బయటపడకూడదనే ఇన్నాళ్ళూ ఇంత చేశాను. ఆయన బండి తిప్పుకుని వెళ్ళిపోతాడనుకున్నాను. నవ్వుతాడనుకున్నాను. ఇంతమాత్రానికి ఇంత పేరా అంటాడనుకున్నాను.

ఆయన ఒకడుగు దగ్గరికొచ్చి, గొంతు కొంచెం పెంచి, "గుంటలో పడినప్పుడు ఎడమ పక్క గరగరమంటోందండీ" అన్నాడు.

అంతే. గొంతు కొంచెం పెంచాడు, అంతే.